కవర్లో ఇమిడే కాగితం పువ్వు: మూడు మడతలు, ఎనిమిది రేకులు

[తెర మీద: ఉబ్బెత్తు పువ్వు అంటించిన కార్డు, పక్కనే అది పట్టని కవరు]

నమస్కారం అండీ. కార్డు మీద కాగితం పువ్వు పెట్టాలనుకోగానే చాలామంది జపాన్ వాళ్ల కుసుదామ పువ్వుతో మొదలుపెడతారు. అయిదు రేకులూ పైకి లేచి ఎంత బాగుంటుందో, కార్డు మీద అంత ఇబ్బంది. కవర్లో పట్టదు, పోస్టులో నలిగిపోతుంది, స్క్రాప్‌బుక్‌లో పెడితే పుస్తకం మూతపడదు. కార్డుకి కావాల్సింది కాగితంలాగే పడుకుని ఉండే పువ్వు. ఇవాళ అదే చేద్దాం.

ఈ పద్ధతి నెదర్లాండ్స్‌ది. అక్కడ ఒక్కో టీ బ్యాగు రంగురంగుల ప్రింటున్న చిన్న కాగితం కవర్లో వస్తుంది. ఆ కవర్లనే మడిచి గ్రీటింగ్ కార్డు మీద పువ్వులా అమర్చిన డచ్ మహిళ టీనీ వాన్ డెర్ ప్లాస్‌ని దీనికి ఆద్యురాలని చెబుతారు. అది 1990లలో. అందుకే దీన్ని టీ బ్యాగ్ ఫోల్డింగ్ అంటారు. మనకు స్టేషనరీ షాపులో దొరికే పల్చటి రంగు కాగితం చాలు. ఒకవైపు రంగు, రెండోవైపు తెలుపు ఉన్నదైతే మరీ మంచిది. కాగితం మందాన్ని చెప్పే జీఎస్ఎం (చదరపు మీటరుకి ఎన్ని గ్రాములు) 80 దాటొద్దు. మందపాటి చార్టు మడత దగ్గర పగిలి పీచు బయటపడుతుంది.

[తెర మీద: స్టీలు స్కేలు, కట్టర్, ఏ4 కాగితం]

3 సెంటీమీటర్ల చతురస్రాలు కోయండి. ఒక ఏ4 కాగితంలో 63 వస్తాయి, అంటే ఏడు పువ్వులకు సరిపడా. ఎందుకు 3 అంటే, పువ్వు వెడల్పు చతురస్రం ఐమూల కొలతకి రెట్టింపు వస్తుంది. 3 సెం.మీ. ముక్కలతో పువ్వు దాదాపు ఎనిమిదిన్నర సెం.మీ. 4 సెం.మీ. ముక్కలతో పదకొండు దాటిపోతుంది. ఏ4 చార్టుని సగానికి కోసి, ఆ సగాన్ని మడిస్తే వచ్చే కార్డు వెడల్పు పదిన్నరే, అందులో అది పట్టదు.

కోసేటప్పుడు తొందరపడొద్దు. ఇంత చిన్న ముక్కలో ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా మడతలు కలవవు. స్కేలుతో రెండు చివర్లా గుర్తు పెట్టుకుని, అప్పుడు గీత గీసి కోయండి.

[దగ్గరి షాట్: వేళ్లు, ఒక చతురస్రం]

తెలుపు మనవైపు ఉంచండి. ఐమూలగా ఒకసారి మడిచి, విప్పేయండి. మధ్యలో గీత పడింది కదా. ఇప్పుడు ఆ గీతకి ఒక చివర ఉన్న మూల నుంచి వచ్చే రెండు అంచుల్నీ ఆ గీత మీదికి తెచ్చి మడవండి. అంచులు గీతని తాకాలి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకూడదు. మడత మీద గోరు వెనకవైపుతో ఒకసారి గట్టిగా రుద్దండి. గాలిపటం ఆకారం వచ్చింది. కింద సన్నటి మొన, పైన చిన్న తెల్ల త్రిభుజం. ఇలాంటివి ఎనిమిది.

ఎనిమిదే ఎందుకు? ఈ పువ్వులో నాకు బాగా నచ్చే సంగతి ఇదే. చతురస్రం మూల 90 డిగ్రీలు. రెండు అంచులూ మధ్యకి వచ్చేసరికి ఆ మొన సరిగ్గా సగమై 45 డిగ్రీలవుతుంది. ఎనిమిది 45లు 360. రేకులు పక్కపక్కన పెడుతూ పోతే సందు లేకుండా, ఒకదాని మీద ఒకటి పడకుండా చక్రం పూర్తవుతుంది. అందుకే మందం కూడా పెరగదు. రేకు ఎక్కడ చూసినా రెండు పొరలు దాటదు.

అమర్చడంలోనే అందరికీ టెన్షన్. వరసగా అంటించుకుంటూ వెళ్తే ఒక్కో రేకుకీ ఒక్క డిగ్రీ తేడా వచ్చినా, చివరి రేకు దగ్గరికి ఆ తేడాలన్నీ పోగుపడి సందు తెరుచుకుంటుంది. కాబట్టి అష్టదళ పద్మం ముగ్గుకి గీసుకున్నట్టే, కార్డు మీద పెన్సిలుతో లేతగా ఒక నిలువు గీత, ఒక అడ్డ గీత, రెండు ఐమూల గీతలు గీయండి. మొదట సన్నటి మొనలు మధ్యలో కలిసేలా నిలువు, అడ్డ గీతల మీద నాలుగు రేకులు పెట్టండి. తర్వాత సందుల్లో మిగతా నాలుగు. రేకు మధ్య గీత పెన్సిలు గీతతో కలవాలి. తేడా ఉంటే ఆ సందులోనే సర్దుకుంటుంది, పక్కకి పాకదు. ఎనిమిదీ కుదిరాకే జిగురు.

[దగ్గరి షాట్: రేకు వెనక జిగురు]

గ్లూ స్టిక్ అన్నిటికంటే నయం. ఫెవికాల్ అయితే టూత్‌పిక్ మొనతో రెండు చుక్కలు, అంతే. అందులోని నీటికి కాగితం పీచు ఉబ్బి, ఆరాక అలలు తేలుతుంది. మడత రెక్కలు లేవకుండా లోపల కూడా ఒక చిన్న చుక్క పెట్టండి.

కార్డు తెల్లదైతే రేకుల తెల్ల కొసలు అందులో కలిసిపోతాయి, రంగు చార్టు తీసుకోండి. లేదా ఆ తెల్ల త్రిభుజాన్ని వెనక్కి మడిచేయండి. పువ్వు అంచు ఎనిమిది భుజాలతో నీటుగా వస్తుంది, సైజు కూడా ఆరు సెం.మీ. పైచిలుకుకి తగ్గుతుంది.

మధ్యలో మొనలు కలిసే చోట ఒక బొట్టుబిళ్ల అంటిస్తే ముచ్చటగా ఉంటుంది. స్క్రాప్‌బుక్‌లో మాత్రం కుందన్ రాళ్లు వద్దు, ఎదుటి పేజీలో ఫొటో మీద గుంట పడుతుంది. ఫొటోల పక్కన పెట్టే పువ్వుకి న్యూస్‌పేపర్ కూడా వాడకండి. అందులో చెక్క నుంచి వచ్చే లిగ్నిన్ అనే పదార్థం ఎక్కువ, కాగితం పసుపెక్కి పెళుసవుతుంది. ఆసిడ్ ఫ్రీ అని రాసి ఉన్న కాగితం కొంచెం ఖరీదైనా కొనండి, ఆల్బమ్ ఏళ్ల తరబడి ఉండాల్సింది కదా.

అంటించాక పైన తెల్ల కాగితం వేసి, ఒక బరువైన పుస్తకం కింద రాత్రంతా ఉంచండి. పొద్దున తీశాక పెన్సిలు గీతలు కనిపిస్తే మెత్తటి రబ్బరుతో మధ్య నుంచి బయటికి తుడవండి. అడ్డంగా తుడిస్తే రేకు కొస లేస్తుంది.