ఎడ్ల కోసం కాగిన చారు

నమస్కారం. ఈరోజు ఉలవచారు గురించి మాట్లాడుకుందాం. అయితే చేసే పద్ధతి చూపించబోవడం లేదు, దానికి కావలసినన్ని వీడియోలు ఇప్పటికే ఉన్నాయి. అవి చాలావరకు "పావుకిలో ఉలవలు తీసుకోండి" అన్న మాటతో మొదలవుతాయి, నాకు చిక్కు వచ్చేది అక్కడే. ఎందుకంటే మా ఇంట్లో చారు కోసమని ఉలవలను ఏనాడూ కొలవలేదు. కొలిచింది ఎడ్ల కోసం.

మాది ఉమ్మడి కృష్ణా జిల్లాలో నూజివీడు వైపు ఒక మెట్ట పల్లె. నా చిన్నతనంలో మా తాతయ్యకు ఒక జత ఒంగోలు ఎడ్లు ఉండేవి. దుక్కులు సాగే రోజుల్లో రాత్రి రెండు మానికల ఉలవలు ఏరి, కడిగి నానబోసేవారు. తెల్లవారుజామున కొట్టం పక్కనున్న రాళ్లపొయ్యి మీద పెద్ద కుండ ఎక్కించి, గింజను వేళ్ల మధ్య నొక్కితే పిండిలా చితికేదాకా ఉడకబెట్టేవారు. ఏరడం అంటే చిన్న పని కాదు, ఉలవ రంగులోనే, ఉలవంతే ఉండే మట్టిపెళ్లలు అందులో చాలా ఉంటాయి. ఉడికిన గుగ్గిళ్లను వార్చి, తవుడు కలిపి ఎడ్ల ముందు పెట్టేవారు. వార్చగా వచ్చిన నీళ్లు, అంటే ఉలవకట్టు, నాయనమ్మ వాటాకు వచ్చేది.

ఆ కట్టులో ఆమె చింతపండు పులుసు, ఉప్పు, పసుపు, కారం, నాలుగు ఉల్లిపాయ ముక్కలు వేసి, పొయ్యి మీద ఒక్క పొంగు రానిచ్చి, ఆ తరువాత కుండను పాలు కాగే దాలి మీదకు మార్చేది. పిడకల నిప్పు సన్నగా రాజుకుంటూ ఉంటుంది గనుక చారు ఉడకదు, ఊరికే కదులుతూ ఉంటుంది. కొంతసేపటికి అంచుల్లో నల్లటి గీత కట్టి, పైన పల్చటి తెట్టు తేలి, గరిటె ముంచి ఎత్తితే ధార తెగకుండా జారే చిక్కదనం వస్తుంది. మధ్యాహ్నానికి చారు సగానికి దిగిపోయేది. అప్పుడు వెల్లుల్లి, జీలకర్ర, ఆవాలు, ఎండుమిరప, కరివేపాకుతో పోపు పెట్టేది. వేడన్నంలో చారు పోసుకుని పైన వెన్నపూస వేసుకుంటే, అది కరిగేలోపు మొదటి ముద్ద తినాలి. రెండో రోజు చారు ఇంకా బాగుంటుందని అందరూ అంటారు గానీ, మా ఇంట్లో రెండో రోజుకు మిగిలిందన్న జ్ఞాపకం నాకు లేదు.

ఇక్కడ ఒక లెక్క గమనించాలి. రెండు మానికల ఉలవల సారమంతా దిగిన నీళ్లు అవి. మనం పావుకిలో ఉలవలను కుక్కర్లో పెట్టి, ఆ చిక్కదనం రాక, ఉడికిన గింజల్లో కొన్నింటిని మిక్సీలో రుబ్బి కలుపుతున్నాం. రుచిగానే ఉంటుంది, కాదనను, కానీ దానిని పలచని పప్పు అనడం న్యాయం. ఉలవచారు బిర్యానీ సంగతి నేను మాట్లాడకపోవడమే మంచిది.

అలాగని ఉలవలు పశువుల తిండిగానే పుట్టాయని అనుకోకూడదు. బళ్లారి దగ్గరి సంగనకల్లులో, దక్షిణాది నవీన శిలాయుగపు మనుషులు నివసించిన చోట, పెసలతోను, కొర్ర జాతి చిరుధాన్యాలతోను పాటు ఉలవ గింజలు కూడా దొరికాయి. అంటే సుమారు నాలుగు వేల ఏళ్ల కిందటే ఇది ఈ నేల మనుషుల తిండి. ఎండుమిరప మాత్రం పోర్చుగీసువారు వచ్చాక, అంటే 1498 తరువాత మనకు చేరింది, కాబట్టి అంతకుముందు ఉలవకట్టుకు ఘాటు పెట్టినది మిరియాలే అయి ఉండాలి. నీటి వసతి లేని ఎర్రనేలలో, ముందు వేసిన పంట పోయాక కూడా చల్లుకోగలిగిన పంట ఇది. వంద గ్రాముల ఉలవల్లో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. బరువు లాగే ఎద్దుకు దీనిని పెట్టడంలో రైతు లెక్క తప్పలేదు. గుర్రాలకూ ఇదే పెట్టేవారు, ఇంగ్లీషులో ఉలవల పేరు గుర్రం మీదుగానే వచ్చింది.

మా ఊళ్లో మొదట ట్రాక్టర్లు వచ్చాయి, తరువాత బోర్లు పడ్డాయి. ఎడ్లు పోయాయి, ఉలవ చేలలో మొక్కజొన్న, పామాయిల్ తోటలు లేచాయి. ఇంతలో ఉలవచారు మాత్రం పెళ్లి విందుల్లోకి మీగడతో సహా ఎక్కింది, మిఠాయి దుకాణాల్లో డబ్బాల్లోకి చేరింది. నాకు విడ్డూరంగా తోచేది ఒక్కటే: ఒకప్పుడు గుగ్గిళ్లు అసలు, చారు కొసరు, ఇప్పుడు చారు అసలై, ఉడికిన ఉలవలు ఏం చేయాలో తెలియని మిగులు అయ్యాయి. హైదరాబాదులోని మా ఇంట్లో వాటిని రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి, మూడో రోజు పారేసిన సందర్భాలు ఉన్నాయని ఒప్పుకుంటున్నాను. తాతయ్య చూసి ఉంటే ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు.

మొన్న సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు, బండలాగుడు పోటీల కోసం ఒక జతను మేపుతున్న ఇంటికి వెళ్లాను. కొట్టం పక్కన అదే రాళ్లపొయ్యి, అదే వాసన. అయితే కుండకు బదులు అల్యూమినియం డేగిశా ఉంది. ఆ ఇంట్లో కట్టు వార్చడం లేదు, బలం పోతుందని నీళ్లతో సహా ఎడ్లకే పడుతున్నారు. కొంచెం కట్టు కావాలని అడిగితే ఆ ఇంటావిడ నవ్వి, స్టీలు క్యారేజీలో ఒక గిన్నె తీసి, గరిటెతో పైపై నీళ్లు వంచి నా చేతికి ఇచ్చింది.

"సగమే పోశాను అన్నయ్యా, ఎల్లుండి పందెం ఉంది. మిగతాది వాటికి కావాలి."