మన ఎండ, మన ముఖాలు

(ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం నాడు అనంతపురంలో ఫోటోగ్రాఫర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. కర్నూలు నుంచి, కడప నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన అన్నలకు, తమ్ముళ్ళకు ఇంకో నమస్కారం. 1839లో ఇదే ఆగస్టు 19న డాగెర్ కనిపెట్టిన ఫోటో తీసే పద్ధతిని ఫ్రాన్స్ ప్రభుత్వం లోకానికి వెల్లడించింది. అందుకే ఈ రోజు మనకు పండగ. చరిత్ర అంతటితో ఆపేసి, ముఖం మీద పడే వెలుగు సంగతికి వస్తాను.

మనలో చాలామంది లైటింగ్ యూట్యూబ్ చూసే నేర్చుకుంటున్నాం. మంచిదే. కాకపోతే ఆ పాఠాల్లో చాలావాటికి మన ఎండ తెలీదు, మన ఒంటిరంగూ తెలీదు. "ఉత్తరం కిటికీ పక్కన కూర్చోబెట్టండి, నేరుగా ఎండ పడదు" అని ప్రతివాళ్ళూ చెబుతారు. అనంతపురం భూమధ్యరేఖకు దాదాపు 14.7 డిగ్రీల ఉత్తరాన ఉంది. ఏప్రిల్ ఆఖరుకి సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదికి వచ్చి, ఉత్తరానికి దాటిపోతాడు. మళ్ళీ తిరిగొచ్చింది మొన్న, ఆగస్టు రెండో వారంలో. ఈ మూడున్నర నెలలూ మనకు ఎండ ఉత్తరం వైపు నుంచే. ఉదయం, సాయంత్రం ఏటవాలుగా ఉత్తరం కిటికీలోకి దూరేస్తుంది. దక్షిణం గోడకు మాత్రం రోజంతా నేరుగా ఎండ తగలదు. కాబట్టి మే, జూన్ నెలల్లో కుర్చీ దక్షిణం కిటికీ దగ్గరికి మార్చండి. దసరా దాటాక మళ్ళీ ఉత్తరం వైపు వేసుకోండి. కిటికీ ఒక్కటే ఉంటే పల్చటి తెల్ల పంచె అడ్డం కట్టండి, అంతకంటే ఖర్చు అక్కర్లేదు.

మిట్టమధ్యాహ్నం గండికోటలో ప్రీ వెడ్డింగ్ షూట్ పెట్టుకునేవాళ్ళు ఇక్కడ ఉన్నారని తెలుసు. చెయ్యి ఎత్తమని అడగను. ఆ వేళ నుదురు, ముక్కు మెరిసిపోతాయి, కళ్ళు మాత్రం గుంతల్లోకి పోతాయి. పెళ్ళికూతురికి వయసు పదేళ్ళు పెరుగుతుంది. వేపచెట్టు కిందికి తీసుకెళ్తే సరిపోతుందనుకుంటాం. అక్కడ ఆకుల సందుల్లోంచి పడే ఎండ చుక్కలు ముఖమంతా మచ్చలు పెడతాయి. వసారా గానీ, మండపం గానీ చూడండి. నీడ అంచుకు ఒక్క అడుగు లోపల నిలబెట్టి, ముఖం బయటి ఆకాశం వైపు తిప్పండి. ఇంకా లోపలికి తీసుకెళ్తే కళ్ళలో మెరుపు పోతుంది. ఆ మెరుపు చుక్క లేని కళ్ళు ఎంత పెద్దవైనా ఫోటోలో నిర్జీవంగా కనిపిస్తాయి.

నేల సంగతి ఎవరూ పట్టించుకోరు. ఎండలో మెరిసే ఎర్రమట్టి ముందు నిలబెడితే గడ్డం కింద ఎరుపు పడుతుంది, పచ్చటి చేను పక్కన అయితే ఆకుపచ్చ. ఎడిటింగ్‌లో దాన్ని తీసేలోగా తెల్లారిపోతుంది. ఒక తెల్ల దుప్పటి పరిస్తే ఆ రంగూ పోతుంది, కళ్ళ కింద నీడా తగ్గుతుంది. అదే పని నిలువుగా చెయ్యాలంటే మన థర్మోకోల్ షీట్ ఉండనే ఉంది.

స్టూడియో లైట్ల గురించి ఒక్క మాటే గట్టిగా చెబుతాను: దగ్గరికి జరపండి. సాఫ్ట్‌బాక్స్, అంటే లైటు ముందు తెల్లగుడ్డ కట్టిన పెట్టె, కొన్నాం కదా, సాఫ్ట్‌గానే వస్తుందని గోడకు ఆనించి పెట్టేస్తున్నారు. ముఖానికి ఆ లైటు ఎంత పెద్దగా కనిపిస్తే వెలుగు అంత మెత్తగా ఉంటుంది. రెండు మీటర్ల నుంచి ఒక మీటరుకు తెస్తే వెలుగు నాలుగింతలు అవుతుంది, కాబట్టి పవర్ తగ్గించుకోవచ్చు. వెనక గోడ కూడా దానంతటదే ముదురు రంగులోకి వెళ్ళిపోతుంది. లైటు కంటిమట్టం కంటే పైన, 45 డిగ్రీల పక్కన పెట్టి, నీడ వైపు చెంప మీద చిన్న త్రికోణం వెలుగు పడేదాకా కొంచెం కొంచెంగా జరపండి. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ పేరుతో పిలిచే లైటింగ్ అదే. పెద్దవయసు రైతుల ముఖాలకు దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. పెళ్ళికూతురికి మాత్రం లైటు ముందు నుంచి, కాస్త ఎత్తులో బాగుంటుంది. ధర్మవరం పట్టుచీర కట్టుకుని ఉంటే మాత్రం కెమెరా మీది ఫ్లాష్ నేరుగా కొట్టకండి, జరీ అంతా తెల్లగా కాలిపోతుంది.

ఇక రంగు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, తలపాగా వేసుకున్న పెద్దాయన్ని కెమెరా ఆటో మోడ్‌లో పెట్టి తీస్తే ముఖం ఇంకా నల్లగా వస్తుంది. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు చూసిందాన్నల్లా నడిమి బూడిద రంగులోకి లాగాలని చూస్తుంది. అంత తెలుపు కనిపించేసరికి వెలుగు తగ్గించేస్తుంది. మీటరింగ్ ముఖం మీదికి మార్చండి, లేదా ఒక స్టాప్, అంటే వెలుగు రెట్టింపు, పెంచి చూడండి. నల్లని ముఖానికి వెలుగు ఎక్కువ పోయాలనుకోవడం సగమే నిజం. నల్లటి చర్మం మీద పక్క నుంచి పడే పెద్ద లైటు నిగారింపు తెస్తుంది, ఆ నిగారింపులోనే చెంప ఎముక, దవడ ఆకారం తెలుస్తాయి. ముందు నుంచి దంచితే ముఖం చదునుగా అయిపోతుంది. ఒకప్పుడు కొడక్ వాళ్ళు ల్యాబులకు పంపిన షిర్లీ కార్డుల మీద ఉన్నవి తెల్లవాళ్ళ ముఖాలే, రంగులు సరిచూసుకున్నది వాటితోనే. అది వాళ్ళ రోజుల సంగతి. ఇప్పుడు మన చేతిలో ఎడిటింగ్ ఉంది, అయినా మనమే ఆల్బమ్‌లో అందరినీ పిండిలో ముంచి తీస్తున్నాం. కస్టమర్ అడుగుతాడన్నా, ఏం చేసేది అంటారు. అడగకముందే చేసేవాళ్ళ గురించే నేను మాట్లాడుతున్నాను.

పోజుల కోసం ఫోన్లో వెతికేవాళ్ళు ఒకసారి హిందూపురం పక్కన లేపాక్షికి వెళ్ళి, నాట్యమండపం స్తంభాలు చూడండి. నర్తకుల బరువు ఒక కాలి మీద ఉంటుంది, నడుము ఒక వైపు, భుజం ఇంకో వైపు. మన దగ్గరికి వచ్చే మనిషి రెండు కాళ్ళ మీదా సమంగా బిగుసుకుని నిలబడతాడు. "బరువు వెనక కాలి మీద వెయ్యన్నా" అంటే చాలు, సగం బిగువు వదులుతుంది. నిటారుగా నిలబడమంటే మెడ వెనక్కి లాగి రెండో గడ్డం తెచ్చుకుంటారు. గడ్డం కొంచెం ముందుకి, ఆ తర్వాత కొంచెం కిందికి అనండి. చేసేవాళ్ళకి వింతగా ఉంటుంది, ఫోటోలో దవడ గీత గీసినట్టు వస్తుంది. మీరు మాత్రం రెండు మీటర్ల దూరంలో ఉండి, 85 మి.మీ. లెన్స్ వాడండి. దగ్గరికొచ్చి వైడ్ లెన్స్‌తో తీస్తే ముక్కు పెద్దదవుతుంది. తప్పు లెన్సుది కాదు, దగ్గరదనానిది.

"నవ్వండి" అనే మాట మానేయండి. అవ్వ దగ్గరికి వెళ్తే "అవ్వా, ఈ కమ్మలు ఎప్పటివి?" అని అడగండి. ఆమె చెబుతుండగా తియ్యకండి, చెప్పడం అయిపోయిన మరుక్షణం తియ్యండి. చేతులు ఏం చెయ్యాలో తెలియక మోకాళ్ళ మీద వేళ్ళు చాపి పెట్టుకునేవాళ్ళకి ఏదైనా పట్టుకోవడానికి ఇవ్వండి, కండువా అంచైనా సరే.

పెళ్ళిలో ఒక్క అయిదు నిమిషాలు ముసలివాళ్ళను ఒంటరిగా కూర్చోబెట్టి తియ్యండి, ఆర్డర్‌లో లేకపోయినా. వాళ్ళు పోయాక గ్రూప్ ఫోటోలోంచి కత్తిరించిన ముఖాన్నో, ఆధార్ కార్డునో పట్టుకొచ్చి దండ వేసే ఫోటో చెయ్యమని అడిగితే మనం ఏమీ చెయ్యలేం.

రెండు లైట్లు, ఒక థర్మోకోల్ షీట్ తెచ్చాం. ఇప్పుడు ఇక్కడే తీసి చూద్దాం. కళ్ళజోడు ఉన్నవాళ్ళు ముందు రండి, అద్దాల్లో లైటు మెరవకుండా తియ్యడమే అందరూ అడిగే ప్రశ్న. లైటు ఇంకా పైకెత్తడం, కళ్ళజోడు కాడలు చెవుల మీద కాస్త లేపడం, రెండూ చేసి చూపిస్తాను. తమ్ముడూ, ఆ ఫ్యాను ఆపు, షీటు ఎగిరిపోతోంది.