అట్ట మీద డ్రమ్మరు, పాట మీద ఎవరి పేరు?

నమస్కారం. బెంగళూరు మారతహళ్లి నుంచి మన చానల్‌కు స్వాగతం. ఈసారి రివ్యూకు తీసుకున్నది కొత్త రికార్డు కాదు. 1970 సెప్టెంబరులో వచ్చిన బ్రిటిష్ రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ ఆల్బమ్, 'గెట్ యెర్ యా-యాస్ అవుట్'. అంతకు ముందు ఏడాది నవంబరులో అమెరికా పర్యటనలో జనం ముందు వాయించినది. ఇందులో ఎక్కువ భాగం న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రికార్డయింది.

ముందు ఈ అట్ట చూడండి. ఒక గాడిద, దాని మెడకు వేలాడదీసిన వాద్యాలు, పక్కనే చేతుల్లో గిటార్లు పట్టుకుని గాల్లోకి ఎగురుతున్న మనిషి. ఆయన గాయకుడు మిక్ జాగర్ కాదు, గిటారు వాయించే కీత్ రిచర్డ్స్ కూడా కాదు. ఎప్పుడూ వెనక కూర్చునే డ్రమ్మరు చార్లీ వాట్స్. ఇంత పేరున్న బృందం తన కచేరీ రికార్డు మీద డ్రమ్మరును ఒక్కడినే నిలబెట్టింది. లోపల పాటల మధ్య జాగర్ కూడా ఈ రాత్రి చార్లీ బాగా వాయిస్తున్నాడు కదా అని జనాన్ని అడుగుతాడు. ఇంత జరిగినా, గొప్ప డ్రమ్మర్ల మాట వచ్చినప్పుడు ఈయన పేరు నాలుగోదో ఐదోదో అవుతుంది. అందులోనూ 'పాపం, మంచివాడు' అనే ధ్వని ఒకటి.

మరి ఆయనకు ఇంకా పేరు రావాలా? రావాలి. అయితే అభిమానులు సాధారణంగా చెప్పే కారణానికి కాదు.

ఆ కాలంలో పోటీ ఎలాంటిదో చూడండి. హూ బృందంలో కీత్ మూన్, క్రీమ్‌లో జింజర్ బేకర్, లెడ్ జెప్పెలిన్‌లో జాన్ బోనమ్. బోనమ్ వేదిక మీద సోలో, అంటే ఒంటరి వాయింపు, మొదలుపెడితే ఇరవై నిమిషాలు దాటిన రాత్రులున్నాయి. చార్లీకి సోలో అంటే గిట్టదు. ఆయన సెట్టు కూడా చిన్నదే. కాలితో కొట్టే ఒక బేస్ డ్రమ్ము, గట్టిగా చురుక్కుమనే ఒక స్నేర్ డ్రమ్ము, టామ్‌లనే డ్రమ్ములు రెండు, కొన్ని లోహపు తాళాలు. వేగంలో, బలంలో ఆ ముగ్గురితో పోలిస్తే ఓడిపోతాడు. అందులో వాదించడానికి ఏమీ లేదు.

ఇక్కడ చామరాజపేటలో, ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో జరిగే రామనవమి కచేరీలకు వెళ్లేవాళ్లకు ఒక దృశ్యం బాగా తెలుసు. తని ఆవర్తనం, అంటే మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టం, మొదలవగానే వెనక వరుసల్లో కొందరు కాఫీకి లేస్తారు. మిగిలినవాళ్లు మృదంగం ఆయన సత్తా అంతా ఇప్పుడే బయటపడుతుందన్నట్టు ముందుకు వంగుతారు. నిజానికి ఆయన సత్తా అంతకు ముందు నలభై నిమిషాల్లోనే తెలిసిపోయి ఉంటుంది. అనుపల్లవికి ముందు ఎక్కడ ఆగాడు, గాయకుడు ఒకే పంక్తిని రకరకాలుగా పాడే నెరవులో ఎంత అణిగి వాయించాడు, గాయకుడు తడబడితే ఎలా పట్టుకున్నాడు, అందులోనే అంతా ఉంది. చార్లీ వాట్స్ తని లేని మృదంగం. ఆయనను కృతిలోనే వినాలి.

ఎలా వినాలో చూపిస్తాను. పాట వినిపిస్తే కాపీరైటు పేరుతో వీడియో తీసేస్తారు కాబట్టి, ఈ బల్లే మన డ్రమ్ము. మీరూ పక్కనున్న దేని మీదైనా కొట్టండి. కుడిచేత్తో సమంగా ఎనిమిది దెబ్బలు. అది హైహ్యాట్, అంటే కాలితో మూసి తెరిచే జంట తాళాలు. ఇప్పుడు మూడో దెబ్బకు, ఏడో దెబ్బకు ఎడమచెయ్యి గట్టిగా వేయండి. అది స్నేర్. రాక్ సంగీతంలో అత్యంత మామూలు నడక ఇదే. గమనించారా, మూడు, ఏడు దగ్గర రెండు చేతులూ ఒకేసారి పడుతున్నాయి. సరిగ్గా ఆ రెండు చోట్లా చార్లీ కుడిచెయ్యి పైకి ఎత్తేస్తాడు. ఎనిమిదిలో ఆరే మిగులుతాయి. చేసి చూడండి. ఎడమచేతి దెబ్బ ఒంటరిగా, చుట్టూ కాస్త గాలితో పడుతుంది. తాళం చప్పుడు దాని మీద పడదు. నడక ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి వదిలినట్టు ఉంటుంది. 1980ల తర్వాతి కచేరీ వీడియోల్లో ఆ చెయ్యి లేవడం స్పష్టంగా కనిపిస్తుంది. ఒకసారి చూశాక ఇక కళ్లు అటే పోతాయి.

(మా కింది ఇంటి ఆంటీ ఇప్పటికే సీలింగు మీద కర్రతో కొట్టారు. ఆవిడ కాలప్రమాణమూ తక్కువదేమీ కాదు.)

రెండో సంగతి వినడం. చాలా బృందాల్లో డ్రమ్మరు కాలం పెడితే మిగిలినవాళ్లు వెంట నడుస్తారు. స్టోన్స్‌లో ముందు నడిచేది కీత్ గిటారు, దాన్ని పట్టుకుని నడిచేది చార్లీ. ఈ మాట ఆ బృందపు బేస్ వాద్యకారుడు బిల్ వైమన్ చెప్పిందే. అందుకే వాళ్ల పాటలు జారిపోతాయేమో అనిపిస్తూ జారవు. ఈ రికార్డులో అది బాగా తెలిసేది 'మిడ్‌నైట్ రాంబ్లర్'లో. దాదాపు తొమ్మిది నిమిషాల పాట. ఊగుతూ మొదలవుతుంది, వేగం అందుకుంటుంది, నడుమ పూర్తిగా ఆగి నత్తనడకకు దిగుతుంది. అక్కడ జాగర్ ఒక మాట విసిరి ఊరుకుంటాడు. ఎంతసేపు ఊరుకుంటాడో ముందుగా రాసిపెట్టుకున్న లెక్కేమీ ఉండదు. ఆ మౌనం చివర బృందమంతా ఒకే దెబ్బగా పడాలి. ఇది వేళ్ల మీద లెక్కపెట్టి వాయించగలిగేది కాదు, ముందున్న మనిషి భుజం చూసి వాయించాలి. ఆ తర్వాత మళ్లీ వేగం ఎక్కించే చోట వినండి. ఎక్కడ మొదలైందో చెప్పలేరు.

ఆల్బమ్ అంతా ఇంత బాగుందని అనను. కచేరీ రికార్డే అయినా గొంతులు కొన్ని తర్వాత స్టూడియోలో మళ్లీ పాడి అతికించారు. 'స్ట్రే క్యాట్ బ్లూస్' స్టూడియో పాట కన్నా బరువుగా నడుస్తుంది, దాని సాహిత్యం ఈరోజు వింటే ఒళ్లు జలదరిస్తుంది. 2009లో అదనపు పాటలతో పెద్ద పెట్టె కూడా తెచ్చారు. నాకైతే మొదటి పది పాటలే చాలు.

చార్లీ మీద ఉన్న ఫిర్యాదులూ చెప్పుకోవాలి. 1969లో సింగిల్‌గా వచ్చిన 'హాంకీ టాంక్ ఉమెన్' మొదలైన వేగం కన్నా ముగిసే వేగం ఎక్కువ, వాచీ పెట్టి చూసుకోవచ్చు. నాకది తప్పుగా అనిపించదు, పాట వేడెక్కడంలా వినిపిస్తుంది. రెండో ఫిర్యాదు మాత్రం గట్టిదే. అదే ఏడాది వచ్చిన 'యూ కాన్ట్ ఆల్వేస్ గెట్ వాట్ యూ వాంట్'లో డ్రమ్స్ వాయించింది చార్లీ కాదు, నిర్మాత జిమ్మీ మిల్లర్. ఆ నడక చార్లీకి పట్టుబడలేదు. అభిమానులు ఈ సంగతి దాటవేస్తుంటారు, దాటవేయనక్కర్లేదు.

ఇక అసలు మాట. పేరు అంటే పొగడ్త ఒక్కటే కాదు, కాగితం మీద పేరు కూడా. పాటకు హక్కుదారులు ఎవరంటే మాటలు రాసినవారు, బాణీ కట్టినవారు. డ్రమ్ముల నడకను ఆ లెక్కలోకి తీసుకోవడం చాలా అరుదు. 1965 నాటి 'గెట్ ఆఫ్ మై క్లౌడ్' మొదలయ్యేదే డ్రమ్ములతో. ఆ దరువు రెండు క్షణాలు వింటే చాలు, గిటారు రాకముందే పాట గుర్తుపడతారు. దాని కింద ఉన్న పేర్లు మాత్రం జాగర్, రిచర్డ్స్. తొలి రోజుల్లో కొన్ని పాటలకు బృందమంతా కలిసి 'నాంకర్ ఫెల్జ్' అనే కల్పిత పేరు పెట్టుకునేది, ఆదాయం అందరికీ వచ్చేది. కొన్నేళ్లకే ఆ పద్ధతి పోయింది. మన సినిమా పాటలలో మాత్రం తక్కువ తిన్నామా? ఢోలక్ వాయింపుతోనే గుర్తుండిపోయిన పాటలు ఎన్ని లేవు? ఆ క్యాసెట్ అట్టల మీద ఢోలక్ వాయించినవారి పేరు ఎక్కడైనా చూశారా?

అందుకే 'ప్రపంచంలో మేటి డ్రమ్మరు' అనే బిరుదు చార్లీకి ఇప్పించడానికి నేను గొంతు చించుకోను. ఆ పాటలు కట్టినవారిలో ఆయనా ఒకడని ఒప్పుకుంటే చాలు. 1963 జనవరిలో బృందంలో చేరేనాటికి ఆయన ప్రకటనల సంస్థలలో బొమ్మలు గీసే పని చేసినవాడు. తర్వాతి కాలంలో జాగర్‌తో కలిసి వేదికల రూపకల్పనా చూసుకున్నాడు. కాగితం మీద ఏ చోటు ఖాళీగా వదలాలో తెలిసిన చెయ్యి కనుకనే ఆ రెండు దెబ్బలు వదిలేయగలిగిందని నా అనుమానం. నిరూపించలేను.

మన ఊరి వాళ్లకు ఒక ప్రశ్న. 2003 ఏప్రిల్ 4న స్టోన్స్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించారు. ముంబయి కన్నా ముందు మనకే. అప్పటికి చార్లీకి 61 ఏళ్లు. 2021 ఆగస్టు 24న, 80 ఏళ్ల వయసులో ఆయన పోయారు. ఇప్పుడు ఆ స్థానంలో స్టీవ్ జోర్డాన్ వాయిస్తున్నారు. ఆ రాత్రి మైదానంలో ఉన్న తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే కింద రాయండి, చార్లీ కుడిచెయ్యి కనిపించేంత దగ్గర్లో నిలబడ్డారా?

ఆల్బమ్ వినేవాళ్లు ఫోను స్పీకరులో మాత్రం పెట్టకండి, బేస్ డ్రమ్ము సగానికి సగం పోతుంది. ముందు 'కెరోల్', ఆ తర్వాత లైట్లు తీసేసి 'మిడ్‌నైట్ రాంబ్లర్'. మృదంగం నేర్చుకుంటున్నవాళ్లు నాలుగో నిమిషం దాటాక తాళం వేస్తూ వినండి, చెయ్యి ఎక్కడ తప్పిందో నాకు రాయండి.