650 రూపాయల ట్రావెల్ జర్నల్, 30 రూపాయల జేబు పుస్తకం: విశాఖ సముద్రపు గాలికి నిలిచింది ఏది?

నమస్కారం. నా వెనక కనిపిస్తున్నవి శేషాచలం కొండలు. తిరుపతిలో మా డాబా మీద కూర్చుని మాట్లాడుతున్నాను. మధ్యలో పక్కింటి కుక్కర్ కూత వినిపిస్తే క్షమించండి. ఎండ ఎక్కకముందే ముగించాలి, అది ఆగేదాకా ఆగలేను.

ఇదిగో, రెండు పుస్తకాలు. ఇది 650 రూపాయలది. తోలులా కనిపించే అట్ట, చుట్టూ సాగే పట్టీ, లోపల రిబ్బను, వెనక టికెట్లు దాచుకోవడానికి చిన్న సంచి. నెల రోజుల ముందే తెప్పించుకుని, రోజూ తీసి చూసి మురిసిపోయాను. ఇది 30 రూపాయలది. రైలెక్కే రోజు సాయంత్రం గాంధీ రోడ్డులో పిన్నికి మాత్రలు కొనడానికి వెళ్లి, పక్క కొట్లో కొన్నాను. నాలుగు రోజుల విశాఖపట్నం ప్రయాణంలో రెండూ నా వెంటే ఉన్నాయి. పెద్దదానిలో పదకొండు పేజీలు నిండాయి. చిన్నదానిలో అట్ట లోపలి వైపు కూడా ఖాళీ లేదు. తప్పు సగం పుస్తకానిది, సగం నాది. పుస్తకం తప్పు ముందు చెబుతాను, అది సులువు.

ఈ పేజీ చూడండి, దగ్గరగా పెడతాను. ఇది ప్రయాణానికి ముందు ఇక్కడ, ఇదే డాబా మీద, ఇంకు పెన్నుతో రాసింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఇప్పుడు ఇది చూడండి. అదే పెన్ను, అదే ఇంకు, రామకృష్ణ బీచ్‌లో సాయంత్రం ఆరు గంటలకు రాసింది. ముగ్గు మీద చినుకులు పడ్డట్టుంది కదా? కాగితం అట్టలా మందంగా ఉంది, 120 జీఎస్‌ఎం అని అట్ట మీద గొప్పగా వేసుకున్నారు. జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క. మన మామూలు నోటు పుస్తకాలు 60 దగ్గర ఉంటాయి. బరువు ఎక్కువైతే వెనక పేజీలోకి అక్షరం కనిపించడం తగ్గుతుంది, అంతే. ఇంకు పక్కలకు పాకకుండా ఆపేది బరువు కాదు. తయారీలో కాగితానికి గంజి లాంటి పదార్థాలు పట్టిస్తారు. ఆ పని సరిగా జరగకపోతే ఎంత మందమైన కాగితమైనా ఇంకును తాగేస్తుంది. పైగా కాగితం గాలిలోని తేమను పీలుస్తుంది. మన ఊరి పొడి ఎండలో బయటపడని లోపం సముద్రపు ఒడ్డున గంటలో బయటపడింది. మర్నాటికి పేజీలు అప్పడాల్లా వంకరలు తిరిగి, పట్టీ పెడితే తప్ప మూత పడనంది.

చిన్న పుస్తకం కాగితం గొప్పదా అంటే, కాదు. దీని గీతలు కూడా తిన్నగా లేవు. కానీ దీనిలో పెన్సిలుతో రాశాను. పెన్సిలు గీత నీళ్లకు కరగదు, చెమట చేతికి పాకదు. ఎప్పుడైనా చేయి రాసుకుంటే కొంచెం మసక బారుతుంది, చదవడానికి అడ్డం రాదు. పెన్ను లేకుండా ఉండలేనంటే బాల్ పెన్ను తీసుకెళ్లండి, దాని సిరాలో నూనె ఉంటుంది కాబట్టి ఇంతగా పాకదు. నాకు ఇంకు పెన్నంటే ప్రాణం. ఆ రైలు దారిలోనే రాజమండ్రి ఉంది, 1932 నుంచి రత్నం పెన్నులు తయారవుతున్న ఊరు. గోదావరి వంతెన మీద ఆ పెన్నుల గురించే ఒక పేజీ రాయాలని ముందే నిర్ణయించుకున్నాను. ఆ పేజీ ఇదిగో. "గోదావరి వచ్చినప్పుడు నిద్రపోయాను. పిన్ని లేపలేదు." అంతే ఉంది.

సైజు సంగతి. విశాఖలో కురుసుర జలాంతర్గామి చూశాం. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విశ్రమించి, మరుసటి ఏడాది నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్లు, లోపల మాత్రం ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. భుజానికి సంచి, చేతిలో ఆ పెద్ద పుస్తకం, పట్టీ ఒక పిడికి తగులుకుంది. వెనక బడి పిల్లల వరుస మొత్తం ఆగిపోయింది. నేను విడిపించుకునేలోపు ఒక బుడతడు "అక్కా, మీరు ఇక్కడే ఉంటారా?" అని అడిగాడు. ఆ మాట ఈ చిన్న పుస్తకంలో ఉంది, ఎందుకంటే అరచేతిలో పెట్టుకుని, నడుస్తూనే రాయగలిగింది దీనిలోనే.

ఇప్పుడు నా తప్పు. ఖరీదైన పుస్తకంలో ప్రతి పేజీకీ ముందే ప్రశ్నలు అచ్చు వేసి ఉన్నాయి. ఈ రోజు వాతావరణం ఎలా ఉంది, గడిలో టిక్కు పెట్టండి. ఈ రోజుకు ఐదు నక్షత్రాల్లో ఎన్ని ఇస్తారు? ఈ రోజు మీ మనసును తాకిన క్షణం ఏది? పగలంతా తిరిగి, రాత్రి లాడ్జిలో ఫ్యాను కింద కూర్చుని మనసును తాకిన క్షణం వెతుక్కుంటే ఏం దొరుకుతుంది? "సముద్రం చాలా అందంగా ఉంది" అని రాశాను. మర్నాడు కూడా దాదాపు అదే రాశాను. ఆ ప్రశ్నలకు నేను లొంగిపోయాను, అదీ నా తప్పు.

తెలుగులో ప్రయాణపు దినచర్య అంటే ఏనుగుల వీరాస్వామి గారిని తలుచుకోవాలి. 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, మన తిరుపతి మీదుగానే కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. ఏ ఊళ్లో దిగడానికి చోటుంది, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, దారి ఎలా ఉంది, ఇవన్నీ ఆయన రాసుకుంటూ వెళ్లారు. ఎవరూ ఆయనకు నక్షత్రాల గడులు గీసి ఇవ్వలేదు.

మూడో రోజు తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లాం. పెద్ద పుస్తకాన్ని లాడ్జిలో పడేశాను. పడవల నుంచి తట్టలు దిగుతున్నాయి, పాట పాడుతున్నారు, అంటే వేలం పాట, కాళ్ల కింద మంచు నీళ్లు. ఫోనుతో వరుసగా ఫోటోలు తీశాను. ఒక చేపను చూపించి పిన్ని "వంజరం ఎంత?" అంది. అమ్మే ఆవిడ నవ్వి, "ఇది కోనెం అమ్మా" అంది. పిన్ని ఒప్పుకోలేదు. ఇద్దరూ కాసేపు వాదించుకున్నాక తేలింది, చేప ఒకటే, మన వైపు పేరు వేరు, అక్కడి పేరు వేరు. నేను పెన్సిలు తీశాను. పక్క తట్టలోవి ఏమిటని అడిగాను. "కనగుర్తలు" అంది. రాసుకున్నాను. ఆవిడకు నా పుస్తకం వింతగా తోచినట్టుంది, బేరాలు ఆపి మరీ ఇంకో ఐదారు పేర్లు చెప్పింది. ఒకటి తప్పుగా రాస్తే పక్కనున్న ఆమె వంగి చూసి దిద్దింది కూడా.

తిరుపతి వచ్చాక ఆ పేర్లు పట్టుకుని వెతికితే ఒక సంగతి తెలిసి కాసేపు అలాగే ఉండిపోయాను. ఈస్టిండియా కంపెనీ కాలంలో ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు విశాఖపట్నంలో ఉండేవాడు. అక్కడ దొరికే 200 చేపలకు బొమ్మలు వేయించి, వివరాలు రాసి, 1803లో అచ్చు వేయించాడు. ఏ చేపను స్థానికులు ఏమని పిలుస్తారో ఆ పేరు కూడా రాసుకున్నాడు. కనగుర్త వాటిలో ఒకటి. తరవాత 1816లో కువియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ చేపకు శాస్త్రీయ నామం పెడుతూ ఆ తెలుగు మాటనే తీసుకున్నాడు. ఈ రోజు ఆ చేపను ఏ దేశపు శాస్త్రవేత్త రాసినా రాస్ట్రెలిజర్ కనగుర్త అనే రాయాలి. విశాఖ రేవులో ఎవరో పలికిన మాట, ఒకాయన కాగితం మీద పెట్టుకోబట్టి అంత దూరం పోయింది. ఆ తట్ట ఫోటోలు నా ఫోనులో పద్నాలుగు ఉన్నాయి, ఒక్కదానిలోనూ పేరు లేదు.

విశాఖలో ఆ హార్బర్ ఉదయం తరవాతే నేను రాయడం మారిపోయింది. బీచ్‌లో మురీ మిక్స్చర్ తింటూ, మనం బొరుగులు అనేదాన్ని ఇక్కడ మురీలు అంటారని రాశాను. ఈ నూనె మరక అదే. ఎర్రమట్టి దిబ్బల దగ్గర మట్టిని వేలితో పేజీకి రుద్దాను, రంగు ఇంకా అలాగే ఉంది చూడండి. భీమిలి బస్సులో కండక్టరు మాట, కొబ్బరి బోండం ధర, సింహాచలం మెట్ల దగ్గర పిన్ని ఎన్నిసార్లు కూర్చుందో, అన్నీ ఉన్నాయి. పేజీకి మూడు నాలుగు వరుసలే. అక్కడికక్కడే, నిలబడి రాసినవి.

ఒక హెచ్చరిక. టికెట్లు అంటించడానికి జిగురు తీసుకెళ్లండి. నేను మరిచిపోయి, భోజనం ప్యాకెట్లోని అన్నం మెతుకులతో అంటించాను. బాగానే అంటుకున్నాయి. రాత్రికి లాడ్జి చీమలన్నీ నా జ్ఞాపకాల మీదే ఉన్నాయి.

కొనాలా వద్దా అంటారు కదా, చెబుతాను. ఇంట్లో కూర్చుని రాసుకునేవారికి, అదీ బాల్ పెన్నుతో రాసేవారికి, ఈ పెద్ద పుస్తకం పనికొస్తుంది. సముద్రపు ఊరికి మాత్రం వద్దు. అరచేతిలో పట్టే పుస్తకం, పెన్సిలు, చిన్న చెక్కుడు మర, తడవకుండా ఒక ప్లాస్టిక్ సంచి. అన్నీ కలిపి 60 రూపాయలు కాలేదు నాకు.

ఈ 650 రూపాయలది వృథా కాలేదు లెండి. పిన్ని తీసుకుంది, పాల లెక్క రాస్తోంది. వాతావరణం గడుల్లో ప్యాకెట్ల సంఖ్య వేస్తుంది. పాలు విరిగిన రోజు మాత్రం నక్షత్రాలు ఇవ్వదు.