డిపెండెన్సీ కేసులో అప్పీలు: జడ్జి చెప్పిన రోజు నుంచే లెక్క

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పనులు మానుకుని ఇంతమంది వచ్చారంటే, ఈ విషయంలో మనవాళ్ళకి ఎంత భయం ఉందో తెలుస్తోంది. సీపీఎస్ వాళ్ళు, అంటే పిల్లల రక్షణ చూసే కౌంటీ శాఖ వాళ్ళు, పిల్లల్ని తీసుకెళ్ళగానే మన ఇళ్ళలో మొదట వినిపించే మాట "ఎవరికీ తెలియనివ్వకండి" అనే. ఇండియాలో అమ్మానాన్నలకి ఏం చెప్పాలి, ఇక్కడ నలుగురూ ఏమనుకుంటారు అని ఆలోచిస్తూ కూర్చుంటే రోజులు గడిచిపోతాయి. ఈ కేసుల్లో పోగొట్టుకోకూడనివి ఆ రోజులే.

నేను చెప్పేదంతా కాలిఫోర్నియా చట్టం గురించి. టెక్సాస్‌లో ఉన్న మీ తమ్ముడికి ఇవే గడువులని చెప్పకండి. ఇంకోటి, ఇది విడాకుల కోర్టులో భార్యాభర్తలు పిల్లల కోసం కొట్లాడే కేసు కాదు. ఇది జువెనైల్ కోర్టు, అంటే పిల్లల కోర్టు. పిల్లలకి ఇంట్లో రక్షణ లేదని కౌంటీ అక్కడ వేసేదే డిపెండెన్సీ కేసు. ఒకవైపు కౌంటీ, ఇంకోవైపు తల్లిదండ్రులు, పిల్లల తరఫున వేరే లాయరు.

ఆరోపణలు నిజమా కాదా అని తేల్చేది జ్యూరిస్‌డిక్షన్ హియరింగ్. పిల్లలు ఎక్కడుండాలి, తల్లిదండ్రులు ఏ క్లాసులకి, ఏ కౌన్సెలింగ్‌కి వెళ్ళాలి అని చెప్పేది డిస్పొజిషన్. మొదటిదాని మీద విడిగా అప్పీలు ఉండదు. డిస్పొజిషన్ ఉత్తర్వు వచ్చాక రెండిటి మీదా కలిపి వేయాలి. గడువు 60 రోజులు. కాగితం పోస్టులో మీ ఇంటికి చేరిన రోజు నుంచి కాదు, జడ్జి ఉత్తర్వు ఇచ్చిన రోజు నుంచి. మీ కేసు విన్నది జడ్జి కాక రిఫరీ, అంటే జడ్జి బదులు కేసులు వినే అధికారి, అయితే లెక్క కొంచెం మారుతుంది, లాయర్ని అడగండి. ఫారం పేరు జేవీ-800. దాన్ని అప్పీలు కోర్టుకి పట్టుకెళ్ళకండి, మీ కేసు నడిచిన సుపీరియర్ కోర్టు క్లర్కు దగ్గరే ఇవ్వాలి. ఫీజు లేదు. లాయరుకి డబ్బు లేకపోతే అప్పీలు కోర్టే లాయర్ని ఇస్తుంది.

డబ్బు లేని తల్లిదండ్రులకి ఈ తలుపు ఊరికే తెరుచుకోలేదు. మిసిసిపీలో ఒక తల్లికి పిల్లల మీద హక్కులు రద్దు చేశారు. అప్పీలుకి రికార్డు తయారు చేయడానికి 2,352 డాలర్లు కట్టమన్నారు. ఆమె దగ్గర లేవు. 1996లో అమెరికా సుప్రీంకోర్టు, డబ్బు లేదన్న కారణంతో ఇలాంటి అప్పీలు ఆపకూడదని చెప్పింది. తీర్పు రాసింది జస్టిస్ గిన్స్‌బర్గ్.

ఇప్పుడు చెప్పేది దయచేసి రాసుకోండి. కేసు ఎంతవరకు వచ్చిందో చూసే రివ్యూ హియరింగ్‌లో జడ్జి రీయూనిఫికేషన్ సర్వీసులు, అంటే పిల్లల్ని మళ్ళీ మీ దగ్గరికి చేర్చడానికి ఇచ్చే క్లాసులు, కౌన్సెలింగ్ లాంటివి ఆపేసి, 366.26 సెక్షన్ కింద హియరింగ్‌కి తేదీ వేశారనుకోండి. తల్లిదండ్రుల హక్కులు రద్దు చేసి పిల్లల్ని దత్తతకి ఇవ్వాలా అని తేల్చే హియరింగ్ అది. ఆ తేదీ వేసిన ఉత్తర్వుకి 60 రోజుల గడువు వర్తించదు. రిట్, అంటే ఆ ఉత్తర్వుని పరిశీలించమని పైకోర్టుని అడిగే పిటిషన్, వేస్తామని నోటీసు ఇవ్వాలి, ఫారం జేవీ-820. మీరు ఆ రోజు కోర్టులో ఉంటే గడువు ఏడు రోజులే. దాని మీద సంతకం మామూలుగా మీదే ఉండాలి, మీ బదులు లాయరు పెడితే సరిపోదు. అంత పెద్ద దెబ్బ తిన్న వారంలో మనిషి మంచం దిగలేడు, నాకు తెలుసు. అయినా ఆ వారంలోనే లాయరుకి ఫోన్ చేయాలి.

ఇక అప్పీలు కోర్టు ఏం చూస్తుంది? కాగితాలు చూస్తుంది. ముగ్గురు జడ్జీలు. మిమ్మల్ని పిలిచి అడగరు, కొత్త సాక్ష్యం మామూలుగా తీసుకోరు. సోషల్ వర్కర్ రిపోర్టులు, కోర్టులో మాట్లాడిన ప్రతి మాటా టైప్ చేసిన ట్రాన్‌స్క్రిప్టు, అంతే. "ఆమె అబద్ధం చెప్పింది, నేను చెప్పిందే నిజం" అంటే అక్కడ చెల్లదు. కింది జడ్జి తీర్పుకి తగినంత సాక్ష్యం ఉందా, చట్టం ప్రకారం నడిచిందా అనే చూస్తారు.

అందుకే కింది కోర్టులో మౌనంగా ఉండొద్దంటాను. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదని మనం అర్థం కాకపోయినా తల ఊపుతాం. ట్రాన్‌స్క్రిప్టులో తల ఊపడం కనిపించదు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, ఖర్చు మీది కాదు. అభ్యంతరం ఉంటే మీ లాయరు దాన్ని నోటితో చెప్పాలి. అక్కడ ఎత్తని చాలా విషయాల్ని పైకోర్టు "అప్పుడెందుకు అనలేదు" అని పక్కన పెట్టేస్తుంది. సోషల్ వర్కర్ రిపోర్టు చూసి మీరే నిర్ణయించండని కోర్టుకి వదిలేస్తే, ఆ సాక్ష్యం చాలదని అప్పీలులో వాదించే వీలు మిగులుతుంది. సోషల్ వర్కర్ చేసిన సిఫారసుకే ఒప్పుకుంటే ఆ వీలు పోతుంది. ఏది చెప్పబోతున్నారో హియరింగ్‌కి ముందే లాయర్ని అడగండి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకోటి ఉంది. అప్పీలు వేశాం కదా, అది తేలాక చూద్దాం అని క్లాసులూ, పిల్లల్ని వెళ్ళి కలిసే విజిట్లూ మానేస్తారు. అప్పీలు వేసినంత మాత్రాన కింది ఉత్తర్వు ఆగదు. అప్పీలు జరిగిపోయినదాన్ని చూస్తుంది, కేసు మాత్రం ముందుకి నడుస్తూనే ఉంటుంది. తీసుకెళ్ళేటప్పటికి పాపకి మూడేళ్ళు నిండకపోతే సర్వీసులు సాధారణంగా ఆరు నెలలే, అప్పీలు తేలేలోపే అవి అయిపోవచ్చు. మీ పరిస్థితి మారిందా? ఉద్యోగం, ఇల్లు, కౌన్సెలింగ్ పూర్తయిందా? అవి చెప్పాల్సింది పైకోర్టుకి కాదు, అదే జువెనైల్ కోర్టుకి, 388 సెక్షన్ కింద, ఫారం జేవీ-180తో.

విజిట్ల సంగతి. బిడ్డతో బంధం ఉంది కాబట్టి హక్కులు రద్దు చేయకండి అని తల్లిదండ్రులు వాదిస్తే ఏం చూడాలో, కేడెన్ సి. అనే కేసులో 2021లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చెప్పింది చూడండి. తల్లి లేదా తండ్రి క్రమంగా వచ్చి కలుస్తున్నారా, ఆ బంధం వల్ల బిడ్డకి మేలు ఉందా, దాన్ని తెంచేస్తే బిడ్డకి హాని జరుగుతుందా అని చూడాలి. తల్లిదండ్రుల సమస్యలు ఇంకా పూర్తిగా తీరలేదన్న ఒక్క కారణంతో ఆ వాదన కొట్టేయడానికి లేదు. మీరు ఎన్నిసార్లు వచ్చారో, మిమ్మల్ని చూసి బాబు పరిగెత్తుకొచ్చాడో లేదో, వెళ్ళేటప్పుడు ఏడ్చాడో లేదో విజిట్ నోట్సులో రాస్తారు. రేపు మీ తరఫున మాట్లాడేవి ఆ నోట్సే. హక్కులు రద్దు చేసిన ఉత్తర్వు ఒకసారి వచ్చాక ఆ జడ్జే మార్చాలనుకున్నా మార్చలేరు, అప్పీలే దారి.

పరువు గురించి భయపడేవాళ్ళకి ఒక మాట. ఈ కేసుల ఫైళ్ళు బయటివాళ్ళు చూడలేరు. కేడెన్ సి. అన్నట్టే, అప్పీలు తీర్పుల్లో పిల్లల పూర్తి పేరు రాయరు.

ఇక మీ ప్రశ్నలు. గడువుల గురించి, ఫారాల గురించి ఇక్కడే అడగండి. మీ సొంత కేసు వివరాలు, పిల్లల పేర్లు మాత్రం మైకులో చెప్పకండి. అవి అయ్యాక పక్కగదిలో విడిగా మాట్లాడదాం. గత వారంలో ఎవరికైనా 366.26 తేదీ పడి ఉంటే, ప్రశ్నల దాకా ఆగకుండా ఇప్పుడే నా దగ్గరికి రండి.