ముందు, గంజాయి వాడికేం ఇస్తోందో అడిగారా?

అందరికీ నమస్కారం. సైకోసిస్‌కి మందులు వాడుతున్న కుర్రాడు గంజాయి తాగుతున్నాడని తెలిస్తే ఇంట్లో ముందు తిట్లు, తర్వాత ఒట్లు, ఆ తర్వాత జేబులు వెతకడం. చివరికి వాడు తాగడం మానడు, మీతో చెప్పడం మానేస్తాడు. అమ్మాయిలైనా అంతే.

సైకోసిస్ అంటే ఎవరూ లేకపోయినా మాటలు వినపడటం, ఎవరో తన మీద కుట్ర చేస్తున్నారని గట్టిగా నమ్మేయడం లాంటివి. గంజాయిలో మత్తెక్కించే పదార్థం టీహెచ్‌సీ దీన్ని ఇంకా ఎగదోస్తుంది. యూరప్, బ్రెజిల్‌లలో 11 చోట్ల చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. టీహెచ్‌సీ 10 శాతం, ఆపైన ఉన్న గంజాయి రోజూ తాగేవాళ్లకి, ఎప్పుడూ తాగనివాళ్లతో పోలిస్తే సైకోసిస్ ముప్పు దాదాపు 5 రెట్లు ఉన్నట్టు అందులో తేలింది. తాగిన ప్రతివాళ్లకీ వస్తుందని కాదు. కానీ జబ్బు వచ్చాక కూడా తాగుతూనే ఉంటే అది తిరగబెట్టే అవకాశం ఎక్కువ. మానేసినవాళ్లు వాళ్లకంటే మెరుగ్గా ఉంటున్నారు.

మరి బహుమతి ఆశ చూపిస్తే? ఇంగ్లండ్‌లో అదీ చేసి చూశారు. సైకోసిస్ ఉండి గంజాయి తాగే 551 మందిలో సగానికి, 12 వారాల పాటు మూత్ర పరీక్షలో గంజాయి లేకపోతే వోచర్లు ఇచ్చారు, మొత్తం 240 పౌండ్ల దాకా. జబ్బు తిరగబెట్టడంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

నన్నడిగితే మొదలుపెట్టాల్సింది ఈ ప్రశ్నతో: "అది తాగితే నీకేం బాగుంటుంది?" నిలదీసినట్టు కాదు, నిజంగా తెలుసుకుందామనే అడగాలి. "నిద్ర పడుతుంది." "ఆ గొంతుల గోల కాసేపు పట్టదు." "నాతో మాట్లాడేవాళ్లంతా ఆ బ్యాచ్‌లోనే ఉన్నారు." ఇలాంటివి వస్తాయి. నిద్ర సంగతి, గొంతుల సంగతి డాక్టర్‌తో మాట్లాడొచ్చు. స్నేహితుల విషయమే కష్టం, దానికి టైమ్ పడుతుంది. తర్వాత "మరి మర్నాడు ఎలా ఉంటుంది?" అని అడగండి. "అందరి మీదా అనుమానం పెరుగుతుంది" అని వాడే అనొచ్చు. అప్పుడు మాత్రం దయచేసి "చూశావా, నేను ముందే చెప్పానా" అనకండి. వాడి నోటితో వచ్చిన మాటని వాడికే వదిలేయండి.

తగ్గించడం మొదలయ్యాక ఒకటి రెండు రోజుల్లోనే చిరాకు, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, పిచ్చి కలలు. మొదటి వారం మరీ ఎక్కువ, చాలామందికి రెండు వారాల్లో నెమ్మదిస్తుంది. ఇంట్లోవాళ్లు దాన్ని పొగరనుకుంటారు. ఆ టైమ్‌లో గొంతులు, భ్రమలు పెరిగితే మాత్రం వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. చచ్చిపోతానన్న మాట వస్తే ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటి ఉంది. గంజాయిని పొగాకుతో కలిపి తాగేవాళ్లు చాలామంది. పొగ వల్ల క్లోజపిన్, ఒలాంజపిన్ లాంటి సైకోసిస్ మందులు ఒంట్లో త్వరగా కరిగిపోతాయి. ఒక్కసారిగా పొగ మానేస్తే అదే డోస్ ఎక్కువైపోయి మగతగా పడిపోవచ్చు. అందుకని మానే ముందే డాక్టర్‌కి చెప్పండి. డోస్ మీరు మార్చకండి, వాడినీ మార్చుకోనివ్వకండి.

ఇక మూత్ర పరీక్ష. బాగా అలవాటైనవాళ్లలో మానేశాక కూడా వారాల తరబడి పాజిటివ్ రావొచ్చు. ఆ కాగితం పట్టుకుని అబద్ధమాడావని మీద పడకండి. ఈ వారం ఎన్ని రోజులు తాగావని అడగండి. ఏడు రోజులు కాస్తా నాలుగయితే, ఆ మూడు రోజులూ ఎలా గడిపాడో చెప్పించుకోండి.