చెన్నైలో మొక్కలు నాటేది జూన్‌లో కాదండీ!

[తెర మీద: ఇసుక నేలలో ఎండిన పుల్ల, పక్కన ఊతకర్ర]

ఈ పుల్ల ఒకప్పుడు కానుగ మొక్క. నాటింది నేనే. జూన్ నెల, మృగశిర కార్తె. మా ఊళ్లో తొలకరి పడగానే మొక్కలు పెడతాం కదా, చెన్నై వచ్చినా అదే అలవాటు. రెండు వారాల్లో ఇలా తయారైంది.

ఇక్కడి వానల లెక్క వేరు. చెన్నైలో ఏడాదికి సుమారు 1400 మిల్లీమీటర్ల వాన పడితే, అందులో సగానికి పైగా అక్టోబర్, డిసెంబర్ మధ్యే. ఈశాన్య రుతుపవనాలు తెచ్చేది అది. జూన్‌లో సాయంత్రం ఓ జల్లు పడి మురిపిస్తుంది, మర్నాడు పదింటికల్లా ఇసుక కాలుతుంటుంది. మన కార్తెల్లో చెప్పాలంటే ఇక్కడ నాట్లకు చిత్త, స్వాతి మంచివి. అప్పుడు నాటితే ఎండలు ముదిరేలోపు వేళ్లు కాస్త లోతుకు దిగుతాయి.

[తెర మీద: ఆదివారం ఉదయం, గునపాలు, పారలు, బకెట్లు]

మేం చిన్న అడవి పెంచుతున్నది చెన్నైలోనే, తిరువాన్మియూర్ వైపు ఓ చిన్న స్థలంలో. పదిమంది వాలంటీర్లం, సగం మంది తెలుగువాళ్లమే. ఎలాంటి అడవి పెంచాలి అన్నదానికి ఈ తీరంలోనే జవాబుంది. మన శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం చుట్టూ ఉన్న అడవి చూశారా? ఏడాదిలో చాలా నెలలు వానే ఉండదు, అయినా ఆకు పచ్చగానే ఉంటుంది. చెన్నై దాటి దక్షిణాన కూడా ఈ తీరమంతా ఉండాల్సింది అలాంటి అడవే. పాల, నేరేడు, పొగడ, పొన్న, కానుగ, గంగరావి. తమిళంలో పుంగం అన్నా, పూవరసు అన్నా కంగారు పడకండి, ఒకటి మన కానుగ, రెండోది గంగరావి.

2016 డిసెంబర్ 12న వర్దా తుఫాను వచ్చినప్పుడు నగరంలో వేల చెట్లు పడిపోయాయి. దేశవాళీ చెట్లూ పడ్డాయి, అబద్ధం ఎందుకు? కానీ రోడ్లకు అడ్డంగా ఎక్కువగా కనిపించినవి తురాయి, పచ్చ తురాయి. త్వరగా ఎదుగుతాయి, పువ్వులు బాగుంటాయి, గాలికి మాత్రం ఆగలేవు. అందుకే మా జాబితాలో అవి లేవు.

[తెర మీద: గుంట దగ్గరగా]

ఇక నాటడం. గుంట అడుగున్నర లోతు, అంతే వెడల్పు. ఇసుకలో నీళ్లు నిలవవు కాబట్టి పశువుల ఎరువు, చెరువు మట్టి కలుపుతాం. నర్సరీ కవర్‌ను కోసి పూర్తిగా తీసెయ్యాలి. కవర్‌తోనే పాతేసేవాళ్లు ఎంతమందో! లోపల వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటే వేళ్లతో... అంటే మన చేతివేళ్లతో, మెల్లగా విడదీయండి. మట్టి కప్పి, పాదంతో అదిమి, చుట్టూ నీళ్లు నిలిచేలా పాదు కట్టండి.

ఊతకర్రకు పాత పంచె చింపిన గుడ్డపేలికతో వదులుగా కట్టండి. నైలాన్ తాడు వద్దు. మేం మొదట్లో దాంతోనే కట్టాం. ఏడాది తర్వాత చూస్తే ఒక నేరేడు కాండంలోకి తాడు దిగిపోయి, బెరడు దాని మీదుగా ఉబ్బింది. బ్లేడుతో కోసి తీస్తుంటే నాకే నొప్పి పుట్టినట్టయింది. మొక్క గాలికి కొంచెం ఊగాలి కూడా, ఊగితేనే కాండం గట్టిపడుతుంది.

నాటే రోజుకు వందమంది వస్తారు. ఫొటోలు, ఇడ్లీలు, సందడి. వద్దనను. కానీ అసలు మనుషులు కావలసింది ఏప్రిల్, మే నెలల్లో. ఇక్కడ కత్తిరి అంటారు, మన వైపు రోళ్లు పగిలే రోహిణి ఎండలు. పోయిన మేలో ఒక శనివారం ముగ్గురమే వచ్చాం, మొక్కలేమో నూట నలభై. రోజూ చెంబెడు పోస్తే వేళ్లు పైపైనే తిరుగుతాయి. వారానికి రెండుసార్లు, పాదుకు బకెట్ నిండా పోయండి. పైన ఎండుటాకులు జానెడు మందాన పరవండి, కాండానికి మాత్రం తగలనివ్వొద్దు. ఆకుల కోసం వెతకక్కర్లేదు, పక్క అపార్ట్‌మెంట్లలో ఊడ్చి తగలబెట్టే బస్తాలు అడిగితే చాలు, సంతోషంగా ఇస్తారు.

మియావాకీ పద్ధతి సంగతేంటని అడుగుతారు. చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కలు ఒత్తుగా నాటడం. అందులోనూ మొదటి రెండు మూడేళ్లు నీళ్లు, కలుపు తప్పవు.

కలుపు అంటే గుర్తొచ్చింది. మొదటి నెలలో ఓ ఆకుల వరస చూసి తగిరిస అనుకుని ఊడబెరికాను. “అయ్యయ్యో తంబీ, అదు కొన్నై!” అని తోటమాలి తాత పరుగెత్తుకొచ్చాడు. కొన్నై అంటే రేల. ఆకులు చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి మరి. అప్పట్నుంచి కొత్తవాళ్లు పీకే ముందు ఎవరినైనా అడగాలని రూలు పెట్టుకున్నాం.

రావాలనుకుంటే బూట్లు వేసుకోండి. ఎండుటాకుల్లో జెర్రులుంటాయి, ఎప్పుడైనా పామూ ఉండొచ్చు. టెన్షన్ పడక్కర్లేదు, చేయి పెట్టే ముందు కర్రతో కదపండి. ఆరింటికి మొదలుపెడితే ఎనిమిదిన్నరకు ముగించొచ్చు. ఇలా పెంచిన అడవి చూడాలంటే కొట్టూర్‌పురం రైల్వే స్టేషన్ పక్కన, అడయారు ఒడ్డుకు వెళ్లండి. ఒకప్పుడు చెత్త పోసిన చోటు అది. నిళల్ సంస్థ వాలంటీర్లు చెట్లతో నింపారు.

[తెర మీద: మోకాలెత్తు లేని మొక్క, చుట్టూ ఎండుటాకులు]

ఆ రేలను తాత మళ్లీ గుంటలో పెట్టాడు కానీ బతకలేదు. అక్టోబర్‌లో అక్కడే పాల మొక్క పెట్టాం. ఇదే. ఇంకా మోకాలెత్తు కూడా రాలేదు, పాల అంత నిదానం. శనివారం దీనికి నీళ్లు పోసే వంతు నాది.